నాలుకకు స్వరాజ్యము

వెలను జూచి గుణమును నిర్ణయించు నలవాటు లోకమున మిక్కిలి ప్రాతది. పట్టుబట్ట కట్టినవాని పలుకు పాండిత్యముగను, ముదుకబట్ట కట్టినవాని పలుకు మౌఢ్యముగను దోచుట దాని ఫలమే. కాని యీ దాస్యము ద్రాక్షాసవము విషయమున బ్రబలినంతగా మఱియే వస్తువు విషయమునను బ్రబలియుండలేదు. ఐరోపా, అమెరికా ఖండములందలి సామాన్యగృహస్థుడు దుకాణములో బారులుదీర్చిన సీసాల యెదుట నిలిచి, తన నాలుకను నమ్మక వెలచీటిని నమ్ముచున్నాడు. వెలచీటియు జాలనిచో, ఎన్నడును దాను జూచియెఱుగని యొక విమర్శకుడు వేసిన మార్కులను నమ్ముచున్నాడు. స్వల్పమైన వెలకు దెచ్చిన సీసాను అతిథుల ముందుంచుటకు సిగ్గుపడి, దాని చీటికి జేయి యడ్డము పెట్టుచున్నాడు. ఈ సిగ్గు ఎక్కడినుండి వచ్చినది? ఎవ్వరు నేర్పిరి? ఇందువలన లాభపడువా రెవ్వరు? విచారింపవలసిన ప్రశ్న లివియే.

మొదటనే యొక మాట చెప్పవలసియున్నది. మద్యపానమును బొగడుటకు మే మీ వ్యాసమును వ్రాయుటలేదు. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాయి నెదిర్చి లేవదీసిన యుద్యమమును, దాని వెనుక 1995లో నాంధ్రప్రదేశమున వచ్చిన మద్యనిషేధమును మన పాఠకులు మఱచియుండరు. మద్యము ఏ కొలతలోనైనను నిరపాయమని చెప్పుటకు వీలులేదని ప్రపంచారోగ్యసంస్థ 2023 జనవరిలో స్పష్టముగా బ్రకటించినది. త్రాగనివానిని ద్రాగుమనుట మా యభిమతము గాదు. కాని భోజనముతోపాటు గ్రుక్కెడు వైను పుచ్చుకొనుట మర్యాదగా నెంచు దేశములు గలవు. ఆ దేశములందు మన తెలుగువారును స్థిరపడియున్నారు. పేరుచేతను, వెలచేతను వారి సంచి దోచబడుట న్యాయమా యనునది మద్యము ప్రశ్న కాదు, బుద్ధిస్వాతంత్ర్యము ప్రశ్న. ఏ మంత్రముచేత సీసా నాలుకను లోబఱచుకొనుచున్నదో, ఆ మంత్రముచేతనే బట్టయు, కాఫీపొడియు, మందుబిళ్లయు మనలను లోబఱచుకొనుచున్నవి. కావున నెన్నడును వైను ముట్టని పాఠకునకు గూడ నిందు బనిగలదు.

వెలయే గుణమను సిద్ధాంతమునకు రాజముద్ర పడిన దినము చరిత్రలో స్పష్టముగా గానవచ్చుచున్నది. 1855లో పారిసునగరమున మహాప్రదర్శనము జరిగెను. అప్పటి ఫ్రెంచిచక్రవర్తి మూడవ నెపోలియను. బోర్డో మండలమందలి యెఱ్ఱవైనులను దరగతులుగా విభజించి పంపుడని దళారులను గోరగా, వా రైదు తరగతుల పట్టికను సిద్ధపఱచిరి. ఏ యాధారముచేత? నూఱు గిన్నెలు వరుసగా నుంచి రుచిచూచి కాదు. ఏ తోటవైను చిరకాలముగా నెంత వెలకు అమ్ముడుపోవుచున్నదో చూచి! ఎక్కువ వెల పలికినది మొదటి తరగతి. తక్కువ వెల పలికినది తక్కువ తరగతి. ఆ పట్టికలో నాటినుండి జరిగిన మార్పులు వ్రేళ్లపై లెక్కింపదగినవి. వానిలో ముఖ్యమైనది 1973లో మూటన్ రోత్‌షీల్డ్ రెండవ తరగతినుండి మొదటి తరగతికి లేచుట. ఇందలి తమాషా చూడుడు: వెల హెచ్చు గనుక తరగతి హెచ్చినది, తరగతి హెచ్చు గనుక వెల హెచ్చుచున్నది. కోడి ముందా, గ్రుడ్డు ముందా యని పిల్లలు వాదించుకొనుదురు. ఇచ్చట పెద్దలు వాదింపనైన వాదింపక గ్రుడ్డునకును గోడికిని గూడ డబ్బు చెల్లించుచున్నారు.

ఈ కోటగోడకు బీట వాఱినది 1976 మే 24వ తేదీన. పారిసులో వైను వర్తకము చేయుచుండిన స్టీవెన్ స్పరియర్ అను నాంగ్లేయుడు కాలిఫోర్నియా వైనులను, ఫ్రాన్సుదేశపు మేటివైనులను గలిపి, పేరులు మఱుగుపఱచి, తొమ్మండుగురు ఫ్రెంచి నిపుణులచేత బరీక్షింపజేసెను. వారు వీధిని బోవువారు కారు. ఆ దేశమున నీ విద్యయందు దలపండినవారు. ఫలిత మేమి? తెల్లవైనులలో శాటో మోంటెలీనావారి 1973వ సంవత్సరపు వైనును, ఎఱ్ఱవైనులలో స్టాగ్స్ లీప్ సెల్లర్సువారి 1973వ సంవత్సరపు వైనును మొదటివిగా నిలిచినవి. రెండును గాలిఫోర్నియావే! మొదటి తరగతి బిరుదులు దాల్చిన బోర్డో సీసాలు వెనుకబడినవి. ఆ గెలిచినవి చవుకవైనులని మేము చెప్పుట లేదు. వంశావళి లేనివి, అంతే. చీటి కనబడినంతకాలము వంశము మాటలాడినది. చీటి మఱుగుపడినతోడనే వైను మాటలాడినది.

ఇది యొకనాటి వింత యని త్రోసివేయువారికి దరువాతి పరీక్షలు సమాధానము చెప్పుచున్నవి. 2001లో బ్రకటింపబడిన యొక పరిశోధనలో, బోర్డోనగరమున వైనుశాస్త్రము నభ్యసించు 54 మందికి దెల్లవైనులో వాసనలేని యెఱ్ఱరంగు గలిపి యిచ్చిరి. వారందు సామాన్యముగా నెఱ్ఱవైనులకు వాడు పదములనే వాడి దానిని వర్ణించిరి. కన్ను చెప్పిన పాఠమును ముక్కు వల్లించినది! 2008లో గాలిఫోర్నియాయందు మఱియొక పరీక్ష ప్రకటింపబడినది. ఇరువదిమందికి మూడే వైనులను, ఐదు వేర్వేఱు వైనులని చెప్పి, వేర్వేఱు వెలలు చెప్పి యిచ్చిరి. ఐదు డాలర్ల సీసాయే యొకమాఱు తన నిజమైన వెలతోను, మఱియొకమాఱు నలుబదియైదు డాలర్ల దొరసానిగను వచ్చినది. తొంబది డాలర్లది పది డాలర్ల దాసిగను వచ్చినది. ఎక్కువ వెల చెప్పినప్పుడెల్ల ఎక్కువ బాగున్నదనిరి. మెదడులో సుఖానుభవముతో సంబంధించిన భాగము సయితము అప్పుడే యెక్కువ చలించినట్లు యంత్రములు చూపినవి. "వెల సుఖము నిచ్చుచున్నపుడు వెల చెల్లించుట తప్పా?" యని కొందఱడుగుదురు. అట్టి సుఖమునకు దొంబది డాలర్లేల? తొంబది యని వ్రాసిన కాగితపుముక్క చాలును.

పరీక్షకులమాట యేమి? పోటీలలో బంగారు పతకములు పంచు పండితుల స్థిరత్వమును రాబర్టు హాడ్జ్‌సన్ అను వైను తయారీదారు పరిశీలించి, 2008లో ఫలితములను బ్రకటించెను. కాలిఫోర్నియా రాష్ట్రప్రదర్శనమున న్యాయనిర్ణేతలకు, వారికి దెలియకుండ, ఒకే సీసాలోని వైనును మూడు గ్లాసులలో బోసి యితర వైనుల నడుమ నిచ్చిరి. నూటికి బదిమంది మాత్రమే యా మూడు గ్లాసులకు నించుమించు ఒకే తరగతి నిచ్చిరి. తక్కినవారి చేతిలో నొకే వైను ఒకపరి పతకమునకు దగినదియు, ఇంకొకపరి యందుకు దగనిదియు నయ్యెను. న్యాయస్థానమున నొకే సాక్ష్యమును విని ఉదయము శిక్షయు, మధ్యాహ్నము విడుదలయు విధించు న్యాయాధిపతి నేమందుము?

ఇట్టి చలించు నేలపై మార్కుల మేడలు కట్టిరి. అమెరికాదేశస్థుడైన రాబర్టు పార్కరు 1978లో దన పత్రికను బ్రారంభించి, నూఱు మార్కుల పద్ధతిని లోకమున వ్యాపింపజేసెను. ఆ పద్ధతిలో లెక్క సున్నతో బ్రారంభము కాదు, ఏబదితో బ్రారంభమగును! సీసా సీసా యైనందుకే సగము మార్కులు. తొంబది దాటినది దుకాణమున వ్రేలాడదీయు చీటికెక్కును. ఎనుబదియైదు వచ్చినది మూలబడును. పార్కరు వర్తకుల సొమ్మునకు లోబడక స్వతంత్రముగా వ్రాయదలచినవాడే. ఆ గౌరవమును మేమతని కియ్యకపోము. కాని యొక్కని నాలుక లోకమునకు శాసనమైనప్పుడు, వైనును దయారుచేయువాడు తన నేల చెప్పినట్లు గాక, ఆ నాలుక కోరినట్లు చేయును. తొంబదియొకటికిని దొంబదిమూడునకును నడుమ నున్న భేదమును హాడ్జ్‌సన్ చూచిన న్యాయనిర్ణేతలు మూడు గ్లాసులలోనే పోగొట్టుకొనిరి. ఆ రెండు మార్కులకై గృహస్థుడు ఇరువది డాలర్లు హెచ్చుగా నేల చెల్లింపవలయును?

అయితే రెండవవైపున నొక గొయ్యి గలదు, అందును బడరాదు. "వైను లన్నియు నొక్కటే, నిపుణు లందఱు మోసగాండ్రు, చవుకదే కొనుడు" అని చంకలు గొట్టుకొనువారు బయలుదేఱినారు. రెండు డాలర్లకన్న నొక సెంటు తక్కువకు 2002లో నమ్మకమునకు వచ్చిన చార్లెస్ షా అను కాలిఫోర్నియా వైను 2007లో నా రాష్ట్రప్రదర్శనముననే శార్డొనే జాతివానిలో నుత్తమమైనదిగా నెన్నబడినది. చవుకపక్షమువారు దానిని జూపి విజయఢంకా మ్రోగించిరి. ఇది న్యాయమా? పతకము ధనికుని మెడలో బడినపుడు లాటరీ యైనచో, పేదవాని మెడలో బడినపుడును లాటరీయే. మనకు జయము వచ్చిన తీర్పును మాత్రము నమ్ముట సత్యాన్వేషణము గాదు, కక్షిదారుని తీరు.

సత్యము నడుమ నున్నది. పదునేడు పరీక్షలలో, చీటి కప్పిన వైనులపై ఆఱువేలకు బైగా వచ్చిన తీర్పులను గూర్చి 2008లో వెలువడిన యొక పరిశోధన రెండు సంగతులను దెల్పుచున్నది. శిక్షణ లేనివారు సగటున నెక్కువ వెలగలదానిని గాక, కొంచెము తక్కువ వెలగలదానినే మెచ్చిరి. శిక్షణ పొందినవారు మాత్రము వెలగలవానియందు గొంత మొగ్గు చూపిరి. అనగా రుచి యనునది యొక విద్య. నేర్చినవానికి భేదములు కనబడును. నేర్వనివాడు నేర్చినవాని యిష్టమునకు వెల చెల్లించుటయే యవివేకము.

మఱియు మిక్కిలి చవుకలో గల మోసమును లెక్కవేసి చూడవలయును. బ్రిటనులో 2023 ఆగస్టు మొదటి తేదీనుండి 2025 జనవరి వఱకు సామాన్యమైన బలముగల వైనుసీసాపై సుంకము 2 పౌనుల 67 పెన్నీలుగా నుండెను. దానిపై నూటికి ఇరువది చొప్పున అమ్మకపుబన్ను. నాటి లెక్కచొప్పున నైదు పౌనుల సీసాలో బన్ను 83 పెన్నీలును, సుంకమును బోగా మిగులునది యొకటిన్నర పౌను. ద్రాక్షపండు, సీసా, బిరడా, ఓడకూలి, వర్తకుని లాభము, అన్నియు నందులోనే. పది పౌనుల సీసాలో నట్లే లెక్కింపగా మిగులునది 5 పౌనుల 66 పెన్నీలు. వెల రెట్టింపైనది, సీసాలోని సరుకునకు జేరగల సొమ్ము మూడున్నర రెట్లకు మించినది. కావున నట్టడుగు వెలకును, దానికి రెండు మెట్లు పైనున్న వెలకును భేద ముండుట సహజము. కాని యట్టి లెక్క ఏబది పౌనుల సీసాను సమర్థింపజాలదు. అచ్చట గొనువాడు ద్రాక్షకు గాక పేరునకు వెల చెల్లించుచున్నాడు. మన దేశమున దిగుమతి వైనులపై జిరకాలము నూటికి 150 వంతున సుంకము విధింపబడుచుండెను. స్వదేశమున గూలివాడు రొట్టెతో ద్రాగు సీసా యిచ్చటికి వచ్చి శ్రీమంతుని బల్లపై రత్నమైనది! ఓడలో దాని రుచి పెరిగినదా? నాసికు ప్రాంతపు వైను దాని ప్రక్కన నవమానముతో నిలిచినది. పెరటిచెట్టు మందుకు రాదని మనవా రూరకే యనలేదు.

ఇక గృహస్థుడు చేయవలసిన దేమి? పండితుని నమ్మరాదు, వెలను నమ్మరాదు, మూఢముగ జవుకను నమ్మరాదు. తానే పరీక్షింపవలయును, కాని న్యాయముగ బరీక్షింపవలయును. మిత్రులు నలుగు రైదుగురు కూడి, తమ శక్తికి దగిన వెల నొకటి నిర్ణయించుకొని, ఒకే జాతి వైనులను నాలుగైదు సీసాలు తేవలయును. రుచిచూడని యొకడు వానిని గాగితపు సంచులలో జుట్టి అంకెలు వేయవలయును. బిరడాలును దాచవలయును, బిరడాకును నోరు గలదు. గ్లాసులన్నియు నొక్కతీరువి, వైను లన్నిటికి నొకే చల్లదనము. ఎఱ్ఱవైను వెచ్చని గదిలో మఱి వెచ్చబడరాదు. తెల్లవైను మంచువలె గడ్డకట్టియుండరాదు, ఏలయన మిక్కిలి చలి దోషమును గుణమును గూడ గప్పివేయును. గదిలో అగరువత్తియు, అత్తరును, పోపువాసనయు నుండరాదు. నడుమనడుమ మంచినీరును, ఉప్పులేని రొట్టెముక్కయు బుచ్చుకొనవలయును. రుచిచూచి యుమ్మివేయుట సిగ్గు గాదు, వృత్తివారందఱు చేయునదే. మ్రింగినవాని మూడవ తీర్పు తీర్పు గాదు, మైకము.

అన్నిటికంటె ముఖ్యమైనవి రెండు నియమములు. మొదటిది: ఎవ్వరును నోరువిప్పకమున్నే తమతమ యభిప్రాయమును గాగితముపై వ్రాయవలయును. ఇంటి పెద్ద "ఆహా!" యన్నచో తక్కినవారి నాలుకలు గొఱ్ఱెదాటుగా నా వెనుకనే పోవును. కావున వయసున బెద్దవాడు, జీతమున బెద్దవాడు చివర మాటలాడవలయును. రెండవది: ఒకే వైనును, తెలియకుండ, రెండు గ్లాసులలో నుంచవలయును. దానిని రెండువిధములుగా దీర్చినవాడు తన తీర్పు నెంతవఱకు నమ్మదగినదో తానే తెలిసికొనును. ఇంకను బట్టుదల గలవాడు మూడు గ్లాసుల పరీక్ష చేయవచ్చును: రెండింట నొకే వైను, మూడవదానిలో వేఱొకటి. ఊహచేత వేఱుదానిని గనిపెట్టుటకు మూటి కొకవంతు వీలు గలదు. వరుసగా మూడుమాఱులు కనిపెట్టుటకు ఇరువదియేడింట నొకవంతే. ఐదు డాలర్లదానిని ఇరువదియైదు డాలర్లదానిని నిట్లు వేఱుపఱుపజాలనివాడు ఆ యిరువది డాలర్లను బిల్లల చదువునకు వినియోగించుట మేలు.

తీర్పు వ్రాయునపుడు నూఱు మార్కుల వేషము వేయకుడు. దొరవారి సింహాసనమును దించి, దానిపై మనమే కూర్చుండుట స్వరాజ్యము గాదు. మూడు మాటలు చాలును: మఱల గొందును; ఇచ్చినచో ద్రాగుదును; మఱల గొనను. దాని ప్రక్కన నెందువలననో యొక పంక్తి. పులుపు నోరూరించినదా, పండ్లు కోసినదా? వగరు భోజనమును నిలిపినదా, నాలుకను గీసినదా? తీపి పండుదా, లోపమును గప్పిపుచ్చునదా? తడిసిన అట్టముక్క వాసన వచ్చినచో నది బిరడానుండి పుట్టిన దోషము. చవుకతనమునకు సంబంధించినది గాదు, తొంబది డాలర్ల సీసాకును బట్టును. దానిని నింద్యమని వ్రాయక, దుకాణమునకు ద్రిప్పి యిచ్చివేయవలయును. ఇట్లు వ్రాసిన పుస్తక మొక సంవత్సరము నడచినచో, ఆ యింటివారికి నే విమర్శకుని పత్రికయు నీయలేని జ్ఞానము లభించును. ఏలయన నది వారి నాలుకను గూర్చిన జ్ఞానము.

"చవుకవైనున నేమి గాంభీర్యము? ఏండ్లతరబడి నిలువయుంచిన మహావైను లోతు దానికెక్కడిది?" అని గొప్పవా రాక్షేపింతురు. దీనికి సమాధానము మన యాలంకారికులే యిచ్చియున్నారు. కవిత్వమున ద్రాక్షాపాకము, నారికేళపాకము నని భేదములు చెప్పిరి. నోట నిడగనే రసమూరునది ద్రాక్షాపాకము. పెంకు పగులగొట్టిన గాని లోపలి మాధుర్య మందనిది నారికేళపాకము. సులభముగా నందినంతమాత్రాన ద్రాక్షాపాకము నీచమని యే రసజ్ఞు డన్నాడు? ఈ యేటి పంటను ఈ యేటి భోజనముతో బుచ్చుకొనుటకు జేసిన వైనును, ఇరువదియేండ్లు నేలమాళిగలో నుంచుటకు జేసినదానితో బోల్చి చిన్నబుచ్చుట, పల్లెపదమును ప్రబంధము కాదని కొట్టివేయుట వంటిది. దేని ప్రయోజనమును బట్టి దానిని దీర్చవలయును.

నిపుణు డక్కఱలేదని మేము చెప్పుట లేదు. గుణదోషములకు బేరులు పెట్టి చూపువాడు ఉపాధ్యాయుడు, అతనిని గౌరవింతము. కాని యుపాధ్యాయుడు శిష్యుని కన్నుల దెఱపింపవలయును గాని, శిష్యుని కన్నులు మూసి తన కన్నులను బాడుగ కియ్యరాదు. అరచేతి కంకణమునకు అద్దమేల? నోటిలోనున్న వైనునకు బత్రికలోని మార్కేల?

తక్కువ వెల యవమానము గాదు. ఎక్కువ వెల యధికారము గాదు. తన సొమ్ముతో గొని, తన నాలుకతో దీర్చి, "ఇది నాకు నచ్చినది, ఇందువలన నచ్చినది" అని పదిమందిలో జంకులేక చెప్పగల గృహస్థుడు ఒక చిన్న విషయమున స్వతంత్రుడైనాడు. చిన్న విషయములందు దన తీర్పును బరులకు దాకట్టు పెట్టుటకు మరగినవాడు పెద్ద విషయములందు విడిపించుకొనజాలడు. చీటులను గప్పుడు. కాగితమును ముందుంచుకొనుడు. నోరు మెదపకమున్నే తీర్పు వ్రాయుడు. సంచి విప్పిన తరువాత బయటపడునది ఎవ్వరి పేరైనను, వ్రాసినదానిని మాత్రము దిద్దకుడు.